బస్తర్‌లో పాత డీజిల్ కారు: ధర కంటే ఇంజన్ చరిత్రే ముఖ్యం

జగదల్‌పూర్: ఆస్పత్రి, కళాశాల, కలెక్టరు కార్యాలయం... దేనికైనా పదుల కిలోమీటర్లు ప్రయాణించక తప్పని బస్తర్ ప్రాంతంలో సొంత కారు విలాస వస్తువు కాదు, కుటుంబ అవసరం. కొత్త కారు కొనలేని మధ్యతరగతి కుటుంబాలు సహజంగానే పాత డీజిల్ వాహనాలవైపు చూస్తున్నాయి. అయితే దూరం ఎక్కువ కనుక డీజిల్ చౌక అన్న పాత లెక్క ఇప్పుడు అన్ని కుటుంబాలకూ సరిపోవడం లేదు. ఇంజన్ ఎంపికలో పొరపాటు జరిగితే ఇంధనంపై ఏడాదంతా మిగిలిన సొమ్ము ఒక్క మరమ్మతుతో హరించుకుపోతుంది.

ఒకనాటి అవిభక్త బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. ప్రస్తుతం అది ఏడు జిల్లాలుగా ఉంది. జగదల్‌పూర్ నుంచి రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్లు. దక్షిణాన సుక్మా, కోంటా మీదుగా భద్రాచలానికి, పడమట బీజాపూర్, భోపాలపట్నం మీదుగా తెలంగాణకు, తూర్పున కోరాపుట్, సాలూరు మీదుగా ఉత్తరాంధ్రకు రహదారులున్నాయి. ఈ మార్గాల వెంట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెళ్లిళ్లు, చదువులు, వైద్యం అన్నీ సరిహద్దుకు ఇరువైపులా ఉండటంతో వారి ప్రయాణాలు సహజంగానే దీర్ఘమైనవి.

తరిగిపోయిన వ్యత్యాసం

డీజిల్ కార్లకు ఒకప్పుడు లభించిన ఆదరణకు ప్రధాన కారణం ప్రభుత్వ ధరల విధానమే. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసిన కేంద్రం, డీజిల్‌పై మాత్రం దాన్ని కొనసాగించింది. ఫలితంగా 2012 మేలో ఢిల్లీలో ఈ రెండింటి మధ్య తేడా లీటరుకు 30 రూపాయలు దాటింది. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా డీజిల్‌వే. 2014 అక్టోబరులో డీజిల్‌పైనా నియంత్రణ తొలగడంతో పరిస్థితి తారుమారైంది. కొత్త వాహనాల అమ్మకాల్లో డీజిల్ వాటా ఇటీవలి సంవత్సరాల్లో ఐదో వంతు కంటే తక్కువకు పడిపోయింది.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. పెట్రోలు లీటరు 100 రూపాయలు, డీజిల్ 93 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ కారు 18 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి డీజిల్ వల్ల మిగిలేది సుమారు 1,500 రూపాయలు, అంటే ఏడాదికి 18 వేలు. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే మిగులు 9 వేలకు తగ్గుతుంది. పట్టణంలోనే తిరిగే కుటుంబానికి డీజిల్ కారు లాభసాటి కాదన్నది దీన్నిబట్టి స్పష్టం.

ఇదిలా ఉండగా, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశవ్యాప్తంగా అందుబాటులోకి రావడంతో, ఆ ఇంధనం కోసం రూపొందించని పాత పెట్రోలు కార్ల విషయంలో కొనుగోలుదారుల్లో సందేహాలు తలెత్తాయి. పాత డీజిల్ వాహనాలపై మళ్లీ ఆసక్తి కలగడానికి ఇది కూడా ఒక కారణంగా చెప్పవచ్చు.

రాజధాని నుంచి వచ్చే కార్లు

పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ, పరిసర ప్రాంతాల్లో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను సమర్థించింది. 2025 ఆగస్టులో కేవలం వయసు కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు ఆదేశించినప్పటికీ, అదే ఏడాది డిసెంబరులో ఈ వెసులుబాటును భారత్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. అక్కడ విలువ కోల్పోయిన కార్లు నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు తరలడం చట్టబద్ధమే. వాటి తక్కువ ధర కొనుగోలుదారుని ఆకర్షించడమూ సహజమే.

అయితే నగరపు రద్దీలో ఆగుతూ సాగుతూ తిరిగిన కారు మీటరుపై తక్కువ కిలోమీటర్లు చూపినా, దాని ఇంజన్ పనిచేసిన గంటలు ఎక్కువ. మీటరు వెనక్కు తిప్పే మోసాలూ లేకపోలేదు. కనుక మీటరు అంకె ఒక్కదాన్నే నమ్మరాదు. సర్వీసు బిల్లుల్లో తేదీతోపాటు కిలోమీటర్లు కూడా నమోదై ఉంటాయి. ఆ అంకెలు వరుస తప్పకుండా పెరుగుతూ ఉన్నాయా, లేదా అన్నది చూడాలి.

మూడు తరాల ఇంజన్లు

పాత మార్కెట్లో దొరికే డీజిల్ కార్లను స్థూలంగా మూడు తరాలుగా విభజించవచ్చు. మొదటిది మెకానికల్ పంపుతో పనిచేసేది. పాత సుమోలు, తొలి ఇండికాలు, పాత బొలెరో డీఐ వాహనాలు ఈ కోవలోనివి. శబ్దం, పొగ ఎక్కువే అయినా వీటిలో ఎలక్ట్రానిక్ పరికరాలు తక్కువ కనుక చిన్న ఊళ్లోని మెకానిక్ సైతం బాగుచేయగలడు. కాగా వీటిలో చాలావాటికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగిసి ఉంటుంది, లేదా ముగింపు దశలో ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 600 రూపాయల నుంచి 5 వేలకు పెంచారన్నది గమనార్హం. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10 వేలు చేశారు.

రెండోది కామన్ రైల్ తరం. వెయ్యి బార్లకు మించిన పీడనంతో డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మే ఈ ఇంజన్లలో ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ సుప్రసిద్ధం. 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌తో ప్రాచుర్యం పొందిన ఈ ఇంజన్‌ను డిజైర్, ఎర్టిగా, బ్రెజాలతోపాటు టాటా, ఫియట్ కార్లలోనూ వాడారు. 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పినప్పటికీ, ఆ ఇంజన్ పరిచయంలేని మెకానిక్ అరుదు. ఇందులో టైమింగ్ చెయిన్ ఉంటుంది. ఆయిల్ సకాలంలో మార్చకుంటే ఆ చెయిన్ సాగి శబ్దం చేస్తుంది. రెనో డస్టర్, నిస్సాన్ సన్నీలలోని 1.5 లీటర్ల ఇంజన్‌కు, 2005లో వచ్చిన తొలి ఇన్నోవాలోని 2.5 లీటర్ల ఇంజన్‌కు బెల్టు ఉంటుంది. అది గడువులోగా మార్చినట్లు బిల్లు లేకపోతే ఆ ఖర్చును ధరలోంచి మినహాయించుకోవడం వివేకం. బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు దెబ్బతిని ఇంజన్ మొత్తం విప్పవలసి వస్తుంది.

కామన్ రైల్ ఇంజన్లకు ప్రధాన శత్రువులు నీరు, మట్టి. పెట్రోలు బంకు దూరమై, డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోయించుకోవలసి వచ్చే గ్రామాల్లో ఇంజెక్టర్లు, పంపు త్వరగా పాడయ్యే ప్రమాదముంది. డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చారన్న ప్రశ్న ఈ ప్రాంతంలో మైలేజి ప్రశ్న కంటే ముఖ్యం.

మూడోది 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్-6 తరం. పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు వీటి ప్రత్యేకత. నిలకడైన వేగంతో కొంతసేపు నడిస్తేనే ఆ మసి కాలిపోయి ఫిల్టరు శుభ్రపడుతుంది. జాతీయ రహదారిపై తరచు ప్రయాణించే వారికి ఇబ్బంది లేదు. ఇంటి నుంచి బజారుకు, బడికి మాత్రమే తిరిగితే ఫిల్టరు పూడుకుపోతుంది. కొన్ని నమూనాల్లో యూరియా ద్రావణం కూడా పోయించవలసి ఉంటుంది. ఆ హెచ్చరిక దీపాలను నిర్లక్ష్యం చేస్తే బండి కదలదు.

ఒక ఉదయపు పరీక్ష

పాత డీజిల్ కారును ఉదయం, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. అమ్మకందారు ముందే స్టార్టు చేసి ఉంచితే అనుమానించవలసిందే. చలికి స్టార్టు కాగానే కొద్దిపాటి తెల్లపొగ వచ్చి తగ్గడం మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుంటే కూలెంట్ లోపలికి చేరుతోందనో, ఇంజెక్టర్లు సరిగా లేవనో భావించాలి. నీలిపొగ ఆయిల్ కాలుతోందనడానికి సంకేతం. దట్టమైన నల్లపొగ గాలి ఫిల్టరు, ఇంజెక్టర్లు లేదా టర్బో లోపాన్ని సూచిస్తుంది.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బలంగా తన్నుకువస్తున్నదీ లేనిదీ గమనించాలి. అలా వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్లు అరిగినట్లే. డీజిల్ ఇంజన్లో ఆయిల్ నల్లగా ఉండటం దోషం కాదు, పాలవలె తెల్లబారి ఉండటం దోషం. రేడియేటరు నీటిలో నూనె తెట్టు కనిపిస్తే ఆ బేరం విరమించడం మేలు. ఆ తర్వాత నలుగురిని ఎక్కించుకుని ఎత్తైన దారిలో నడిపి చూడాలి. కాంకేర్, కొండగావ్ మధ్యనున్న కేశ్‌కాల్ ఘాట్ వంటి మలుపుల దారిలో టర్బో, క్లచ్, కూలింగ్ మూడింటి బలం తేలిపోతుంది.

కాగితాలూ ఇంజన్ వంటివే

పొరుగు రాష్ట్రంలో రిజిస్టరైన కారు కొంటే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అప్పు ఉంటే అది తీరినట్లు ఫైనాన్సు సంస్థ పత్రం తప్పనిసరి. మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అమ్మినవారికీ బాధ్యత ఉంది. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే యజమాని కింద లెక్క అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పన్ను విషయంలోనూ అపోహలున్నాయి. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించిన 18 శాతం పన్ను రిజిస్టరైన వ్యాపారి లాభంపైనే గాని కారు పూర్తి ధరపై కాదు. వ్యక్తి నుంచి వ్యక్తి కొంటే ఆ పన్ను లేదు. అలాగే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కొత్త కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. రెండు మూడేళ్ల పాత కారుకు పాత లెక్కల ప్రకారం ధర చెబితే కొత్తదానితో పోల్చి బేరమాడే అవకాశం కొనుగోలుదారుకు కలిగింది.

మొత్తంమీద బస్తర్ వంటి ప్రాంతంలో నమ్మకమైన ఇంజన్ ఏదన్న ప్రశ్నకు కంపెనీ పేరు ఒక్కటే సమాధానం కాజాలదు. విడిభాగాలు జగదల్‌పూర్‌లో దొరకాలి. దగ్గరి మెకానిక్‌కు అది తెలిసిన ఇంజనై ఉండాలి. సర్వీసు చరిత్ర కాగితంపై కనిపించాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా, అర్ధరాత్రి రోగిని ఆస్పత్రికి చేర్చవలసిన వేళ ఆ కారు అడవి దారిలో నిలిచిపోవచ్చు. బేరం కుదుర్చుకునే ముందు తెలిసిన మెకానిక్‌కు కూలి ఇచ్చి ఒక ఉదయం వెచ్చించడం ఆ ముప్పు ముందు చాలా చిన్న ఖర్చు.