పసికందు నెత్తుటి సాక్ష్యము

పాతబస్తీ బీదతల్లులకు పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల పెద్ద దిక్కు. అచ్చటనైనను, మఱెచ్చటనైనను, పుట్టిన శిశువు ఏడువక, ఊపిరి తీయక నీలిదేఱినప్పుడు వైద్యుని యెదుట నిలుచు ప్రశ్న యొక్కటే: ఈ బిడ్డ మెదడునకు దెబ్బ తగిలినదా? తగిలినచో నెంత? ఆఱు గంటలలో నిర్ణయము కావలెను. ఏడుపు, కండరముల బిగువు, మూర్ఛలు చూచి యూహింపవలసినదే.

ఈ యూహకు రక్తమున ఆధారము దొరకునని శాస్త్రజ్ఞుల యాశ. మెదడు కణములు చెడినపుడు జి.ఎఫ్.ఏ.పి., యు.సి.హెచ్.ఎల్.-1 వంటి మాంసకృత్తులు రక్తములోనికి జారును. వానిని కొలువవచ్చును. ఏ పరీక్షయు ఇంకను నిత్యచికిత్సలో స్థిరపడలేదు. ఐనను ఈ కృషి యితరులకంటె మనకే మిక్కిలి యవసరము.

సంపన్నదేశములలో ఇట్టి శిశువును 72 గంటలు 33.5 డిగ్రీల సెంటిగ్రేడునకు చల్లబఱచుట ఆచారము. అచ్చట నది ప్రాణములు నిలిపినది. భారత, శ్రీలంక, బంగ్లాదేశములలోని 7 వైద్యశాలలలో 408 మంది శిశువులపై దానిని పరీక్షించి 2021లో ఫలితములు ప్రకటించిరి. పదునెనిమిది నెలలు నిండులోపల చల్లబఱచినవారిలో నూటికి 42 మంది, చల్లబఱపనివారిలో 31 మంది మరణించిరి. మేలు చేయవలసిన చికిత్స కీడు చేసినది.

కారణమేమి? 2024లో లండను ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఇరుతెగల శిశువుల రక్తములో ఏ జన్యువులు మేల్కొన్నవో పోల్చి చూపిరి. సంపన్నదేశపు బిడ్డకు ప్రాణవాయువు ఒక్కమాఱుగా తెగిన జాడ. మన బిడ్డకు గర్భమునందే మాటిమాటికి కొఱవడిన జాడ. తల్లి పోషకాహారలోపము, అంటురోగములు మూలము కావచ్చునని వారి తలంపు. పేరొక్కటే, రోగములు రెండు.

కావున పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు చికిత్సను గాని, పరీక్షను గాని పరదేశపు కొలతలతో తెచ్చుకొనరాదు. తల్లిదండ్రుల సమ్మతితో, మన బిడ్డల రక్తముననే ఆ కొలతలు నిర్ణయింపవలెను. పేట్లబుర్జు కలదు, మూసీ కావల 1953 నాటి నీలోఫర్ కలదు, 1977లో వెలసిన సీసీఎంబీ పరిశోధనాలయము ఈ నగరముననే కలదు. ఈ మూడింటిని కలుపుట ప్రభుత్వపు విధి.

పరీక్షలకు వెచ్చించు ధనముతో తల్లులకు తిండి పెట్టరాదా యని కొంద ఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని బిడ్డ నెత్తురు వేలెత్తి చూపుచున్నది తల్లి కంచమునే కదా! ఆ సాక్ష్యమును విని గర్భిణికి కడుపునిండ కూడు, కాన్పుగదిలో బిడ్డకు ఊపిరి పోయ నేర్చిన చేతులు సమకూర్పని ప్రభుత్వమునకు పరీక్షనాళికలు కొన్నంతమాత్రమున పుణ్యము రాదు.