స్నేహితులతో హోటలుకు పోవుట తప్పా?

"హోటలు" అను మాట ఇంట వినబడినంతనే మన పెద్దలు కొందరు నొసలు చిట్లింతురు. "ఇంటిలో అన్నము లేదా? బయటి తిండి కడుపునకు మంచిది కాదు. డబ్బు దండుగ. చదువుకొను పిల్లలకు హోటళ్లతో ఏమి పని?" అని అడుగుదురు. ఈ ప్రశ్నలలో మాపై ప్రేమయే కలదని మేమెరుగుదుము. అయినను ఈ విషయమున మాకు తోచిన అభిప్రాయమును తల్లిదండ్రులకును, సహవిద్యార్థులకును సవినయముగా మనవి చేయదలచితిమి.

మేము ఏడుగురము ఒకే తరగతివారము. నలుగురు బాలురము, ముగ్గురు బాలికలము. గత సంవత్సరము మాలో మేము ఒక నియమము చేసికొంటిమి. ప్రతి పరీక్ష ముగిసిన పిమ్మట వచ్చు శనివారమునాడు బసవనగుడి, విశ్వేశ్వరపురము, మావళ్ళి ప్రాంతములలో నడచి పోదగిన దూరమున నున్న ఒక ఫలహారశాలకు అందరమును కలసి పోవలెను. ఒకసారి పోయినచోటికి మరల పోరాదు. రుచి చూచుటయే మొదట మా యుద్దేశము. కాని దోసె రుచికంటె ముఖ్యమైన సంగతి యొకటి అక్కడ మాకు బోధపడినది. దానిని చెప్పుటకు ముందు మేము చూచిన చోట్లను గూర్చి కొంచెము వ్రాయుదుము.

గాంధీబజారులోని విద్యార్థి భవన్ 1943లో వెలసినది. చుట్టుప్రక్కల పాఠశాలలలో చదువుకొను పిల్లలకు ఫలహారము పెట్టుటకై యేర్పడినదగుటచే దానికి ఆ పేరు కలిగినది. అక్కడ వడ్డించువారు దోసెల పళ్ళెములను ఒకదానిపై నొకటి చేతిమీద పేర్చుకొని, ఒక్కటియు జారకుండ బల్లల నడుమ నడచి వచ్చుట చూడదగిన విద్య. శంకరపురములోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965లో ప్రారంభమైనది. అక్కడ ఇడ్లీకి సాంబారు పోయరు. చట్నీ మాత్రమే పోయుదురు. కావలసినవారు దానినే మరల మరల అడిగి పోయించుకొందురు. కారు దిగి వచ్చినవారును, ఆటో ఆపి వచ్చినవారును వీథి ప్రక్కన ప్రక్కప్రక్కనే నిలిచి తినుచుందురు. లాల్‌బాగు రోడ్డులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్ 1924లో ఉడుపి ప్రాంతపు మయ్య సోదరులు స్థాపించిన సంస్థ. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బియ్యమునకు కరవు వచ్చినప్పుడు గోధుమ రవ్వతో ఇడ్లీ చేసి, రవ్వ ఇడ్లీని తామే కనిపెట్టితిమని ఆ హోటలువారు చెప్పుదురు. కొరత నుండి పుట్టిన ఆ వంటకమును నేడు సమృద్ధి కాలమునను జనులు వరుసలో నిలిచి తినుచున్నారు.

ఇక అసలు సంగతి. మావళ్ళి టిఫిన్ రూమ్స్‌కు మొదట నుండిన పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. 1960లో లాల్‌బాగు రోడ్డునకు మారినప్పుడు గాని దానికి నేటి పేరు రాలేదు. ఒక హోటలును నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆ కాలపు వాడుకయే అట్టిది. దక్షిణదేశమందలి పెక్కు హోటళ్లలో బ్రాహ్మణులకు వేరు స్థలము, ఇతరులకు వేరు స్థలము ఉండెడివి. దళితులకు ప్రవేశమే లేకుండెను. మన తెలుగువారు ఇందులో ఎవరికిని తీసిపోలేదు. టీ దుకాణములలో దళితులకు వేరు గ్లాసు పెట్టు "రెండు గ్లాసుల పద్ధతి" మన పల్లెలలో చట్టము వచ్చిన తరువాతను చిరకాలము సాగినది.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున 15వ అధికరణమును చదువుడు. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచే దుకాణములలోనికి గాని, ఫలహారశాలలలోనికి గాని, హోటళ్లలోనికి గాని ఏ పౌరునికిని ప్రవేశము లేదనరాదని అందు వ్రాయబడి యున్నది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము ఇట్టి నిరాకరణమును శిక్షార్హము గావించినది. 1976లో దానినే బలపరచి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. పార్లమెంటును, న్యాయస్థానములను గూర్చి వ్రాసిన గ్రంథముననే ఇడ్లీ తిను చోటును గూర్చియు వ్రాయవలసి వచ్చినదనగా, ఒకే పంక్తిలో కూర్చుండుట ఎంతటి గొప్ప విషయమో ఊహింపవచ్చును.

చట్టము తలుపు తెరచినది. కాని ఆ తలుపునకు మనమే మన చేతులతో తెరలు కట్టుచున్నామని మా యనుభవము. అట్టి తెరలు మూడింటిని మేము కనుగొంటిమి.

మొదటి తెర డబ్బు. మా మొదటి ప్రయాణమునకు తలకు ఇంత చందా అని నిర్ణయించితిమి. బయలుదేరునప్పుడు మా మిత్రు డొకడు తలనొప్పి యని ఇంటికి పోయెను. రెండవసారి మామ వచ్చినాడని చెప్పి పోయెను. కొన్నాళ్లకు వాని తల్లి బజారులో మాకు కనబడినప్పుడు మేము మామగారి కుశల మడిగితిమి. ఆమె ఆశ్చర్యపడి, "మామ ఎవురూ రాలేదే నాయనా! ఆ పొద్దు వాడు ఇంట్లోనే ఉండాడే, సంగటి కూడా తినలేదు" అనెను. అప్పటికి గాని మాకు తెలియలేదు. మేము వానిని కులము అడుగలేదు, మతము అడుగలేదు. చందా మాత్రము అడిగితిమి. ఆ చందాయే వానిని పంక్తి నుండి లేపివైచినది. వాడు లేకుండ మేము తిన్న దోసెలు ఆనాడు మిక్కిలి రుచిగా నుండెననుట నిజము. ఆ రుచిని తలచుకొనుటకు నేడు మాకు సిగ్గగుచున్నది.

రెండవ తెర భాష. హోటలులో కూర్చున్నంతనే మా గొంతులు తగ్గినవి. ఇంటను, బడిలోను తెలుగున గలగల మాటలాడు మేము అక్కడ సగము కన్నడము, సగము ఇంగ్లీషు కలిపి గుసగుసలాడితిమి. మాలో నొకతె మరచిపోయి, "ఇంకొంచెం చట్నీ అడుగే" అని ప్రక్కనున్న దానితో పైకే అనినది. వడ్డించుచున్న పెద్దాయన ఆగి నవ్వి, "నన్నే అడగరాదా తల్లీ, మాది ముళబాగిలే" అని తెలుగున పలికి చట్నీ పోసెను. పిమ్మట ఆయన ఒక బల్లవద్ద కన్నడమున, ఒక బల్లవద్ద తమిళమున, మరియొక బల్లవద్ద హిందీలో బదులు చెప్పుచు సాగిపోయెను. మమ్ములను ఎవరును ఎగతాళి చేసియుండలేదు. మమ్ము మేమే దాచుకొంటిమి.

2011 జనగణన ప్రకారము కర్ణాటకమున నూటికి సుమారు ఆరుగురికి తెలుగు మాతృభాష. ఇంతమంది యుండియు దాగవలసిన పని యేమి? అట్లని ఈ రాష్ట్రపు భాషయైన కన్నడమును నేర్వక గర్వించుటయు తగదు. మన పేటకు దాపుననే గవిపురమున నివసించిన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళము. ఆయన కన్నడమున వ్రాసి 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందిరి. ఒక భాష మరియొక భాషను ఇంటి నుండి వెళ్లగొట్టదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? మన ముందున్న పళ్ళెమే మరియొక సాక్షి. పదవ శతాబ్దపు కన్నడ గ్రంథము వడ్డారాధనెలో "ఇడ్డలిగె" యున్నది. మన పాత తెలుగున "ఇడ్డెన" యున్నది. ఇంట మనము సంగటి యను దానినే హోటలులో ముద్దె యందురు. ఇది ఎవరి సొత్తు అని పోట్లాడుటకంటె పంచుకొని తినుట మేలు. కావున మేము ఒక కట్టుబాటు చేసికొంటిమి: గల్లావద్ద కన్నడము, బల్లవద్ద తెలుగు. కన్నడమున తప్పు దొరలిన, వినువారు దిద్దుదురు. దిద్దించుకొనుటలో అవమానము లేదు.

మూడవ తెర భయము. మా ఏడుగురిలో ముగ్గురు బాలికలని వ్రాసితిమి. గడచిన నాలుగు ప్రయాణములలో వారు రెండింటికి మాత్రమే రాగలిగిరి. బాలురు అడిగిన "చీకటి పడకముందే రండి" అను పెద్దలు, బాలికలు అడిగిన "నీకెందుకమ్మా? కావలసినది పార్సెలు తెప్పింతును" అనుచున్నారు. పార్సెలులో దోసె వచ్చును గాని స్నేహితురాండ్రు రారు. పగటివేళ, జనసమ్మర్దము గల వీథిలో, ఏడుగురు కలసి నడచి పోవుటలో ప్రమాద మేమో పెద్దలు ఆలోచింపవలెను. తోడుగా ఇంటివారు ఎవరైన వచ్చినను మాకు సంతోషమే; ప్రక్క బల్లవద్ద కూర్చుండవచ్చును. 15వ అధికరణమున కులముతోపాటు లింగమును గూడ పేర్కొనిరి గదా! ఆ తలుపును ఇంటి గడపవద్దనే మూయుట న్యాయము కాదు.

ఇక పెద్దల అభ్యంతరములకు వత్తుము. బయటి తిండి ఎల్ల చోట్లను మంచిదని మేము వాదింపము. నిలువయుంచినవి, ఈగలు ముసిరినవి, మరల మరల కాచిన నూనెలో వేయించినవి విడువదగినవే. కాని ఆవిరి పొగలు చిమ్ముచు వచ్చు ఇడ్లీని, జనము ఎక్కువగా వచ్చుటచే ఎప్పటికప్పుడు వండు చోటును ఎన్నుకొనుట మేము నేర్చుకొంటిమి. మావళ్ళి టిఫిన్ రూమ్స్ యజమానులలో నొకరైన యజ్ఞనారాయణ మయ్యగారు 1951లో ఐరోపా పర్యటించి వచ్చి, అక్కడి శుభ్రతను చూచి తమ హోటలులో పాత్రల శుద్ధియందు క్రొత్త పద్ధతులు ప్రవేశపెట్టిరట. మంచి చోటేదో, కాని చోటేదో కనిపెట్టు తెలివియు చదువులో భాగమే. ఆ తెలివి ఇంట కూర్చున్న రాదు.

డబ్బు దండుగ యనువారికి మా సమాధానము దర్శినులు. 1983లో ఆర్. ప్రభాకర్ గారు జయనగరమున కెఫే దర్శిని యను హోటలు తెరచిరి. అందు కుర్చీలు లేవు. ముందు డబ్బిచ్చి చీటీ తీసికొని, తమ పళ్ళెమును తామే తెచ్చుకొని, నిలిచి తినవలెను. స్థలము తక్కువ, పనివారు తక్కువ, తిని పోవువారు ఎక్కువ. కావున వెల తగ్గినది. ఆ పద్ధతి నగరమంతట వ్యాపించినది. చిన్న సంచి గలవారును తినగలుగునట్లు ఒకరు ఆలోచించి చేసిన ఏర్పాటు అది.

నేడు వేరొక ఏర్పాటు వచ్చినది. 2014లో మన నగరముననే పుట్టిన స్విగ్గీ వంటి సంస్థలు, ఫోనుమీద వేలు మోపినంతనే భోజనమును ఇంటికి పంపుచున్నవి. రోగులకును, వృద్ధులకును అది మేలే. కాని పిల్లలము దానికి అలవాటుపడితిమేని, ప్రక్కవాడు ఏ భాష మాటలాడునో, వడ్డించువాని ఊరేదో, స్నేహితుని జేబులో ఏమున్నదో మనకెన్నటికిని తెలియదు. తలుపు వెనుకనే తిని ఊరుకొందుము.

కావున మేము మా నియమములను మార్చుకొంటిమి. తలకు ఇంత అను చందా తీసివేసితిమి. మూతకు చీలిక చేసిన బిస్కట్ల డబ్బా నొకదానిని ఉంచితిమి. రెండు పరీక్షల నడుమ ఎవరికి తోచినంత వారు అందులో వేయుదురు; ఎవరెంత వేసిరో ఎవరును అడుగరాదు, వ్రాయరాదు. డబ్బాలో నున్నదానిని లెక్కించి, దానికి తగిన హోటలును ఎన్నుకొందుము. దోసెకు చాలకున్న కాఫీ త్రాగి వత్తుము. ప్రతిసారియు వేరు భాష మాటలాడు పొరుగు స్నేహితు నొకనిని మా ఖర్చున పిలుతుము. వడ్డించువారిని మర్యాదతో పిలుతుము. సూర్యాస్తమయమునకు ముందు ఇండ్లకు చేరుదుము.

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన శనివారమునాడు మేము మరల బయలుదేరుచున్నాము. అందుకు ఏడు ఇండ్ల అనుమతి కావలెను. నాలుగింటిది మాత్రమే ఇప్పటికి దొరకినది. తక్కిన మూడిండ్లవారు ఈ పుటను చదువుదురని మా యాశ. తలనొప్పి యని ఇంటికి పోయిన మిత్రుడు మొన్న డబ్బాను తానే తన యింట ఉంచుకొందునని అడిగి తీసికొనిపోయెను. ఈసారి తప్పక వత్తునని చెప్పెను.