నోరెండితే సబర్ చెయ్యాలా?

"మిషన్ పెట్టుకుంటే నోరెండుతుంది భాయ్. ఆదత్ అయిపోతుంది, కొంచెం సబర్ చెయ్యండి." సీప్యాప్ అమ్మినవాళ్ల నోట మూడేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఈ మాటంటే నాకు చిరాకు కాదు, గుస్సా. సబర్ అనేది ముసీబత్‌లో మనిషి తన దిల్‌కు తాను చెప్పుకునే మాట. సర్వీసు ఎగ్గొట్టడానికి దుకాణందారు మనకు చెప్పే మాట కాదు.

ఇడుపులపాయ అంటే బయటివాళ్లకు వైఎస్సార్ ఘాట్, ట్రిపుల్ ఐటీ గుర్తొస్తాయి. వేంపల్లె నుంచి ఆ రోడ్డు పొడుగునా ఉన్న మా చుట్టాల ఇళ్లలో ఖర్రాటే అంటే ఇంకా మజాకే. "మామూ లారీ స్టార్ట్ చేసినాడు" అని పిల్లలు నవ్వుతారు. గురక మధ్యలో టక్కున ఆగిపోయి, ఊపిరందక మామూ ఉలిక్కిపడి లేస్తాడని పక్కన పడుకున్న ముమానీకే ఎరుక. పడుకున్నాక హలక్ వెనకున్న మెత్తటి కండ వదులై దారి మూసుకుపోతుంది. గంటకు ఇలా అయిదుసార్ల లోపైతే ఫర్వాలేదు, ముప్పై దాటితే మర్జ్ ముదిరినట్టే. బీపీ మందులకు లొంగదు, గుండె అలిసిపోతుంది, పగలు స్టీరింగ్ మీదే కన్ను మూతపడుతుంది. మనవాళ్లలో లారీ, ఆటో, ట్యాక్సీ నడిపేవాళ్లు ఎందరో లెక్కేసుకోండి. 2022 ఫిబ్రవరిలో బప్పీ లహిరి పోయినప్పుడు ముంబై ఆస్పత్రివాళ్లు చెప్పిన కారణాల్లో ఈ స్లీప్ ఆప్నియా ఒకటి.

దీని ఇలాజ్‌ను 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివాన్ అనే డాక్టర్ లోకానికి ప్రకటించాడు. ముక్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి, మూసుకుపోయే దారిని ఆ గాలితోనే తెరిచి ఉంచడం, అంతే. మందు లేదు, కత్తి లేదు. ఇంత మంచి చీజ్‌ను మన ఇళ్లలో బీరువా మీదికి ఎక్కిస్తున్నది ఒక్క ఎండిన నోరు. అందుకే ఈ గొడవ.

నోరు ఎందుకు ఎండుతుంది? చాలావరకు లీకు. ముక్కులోంచి పోయిన గాలి తెరుచుకున్న నోట్లోంచి రాత్రంతా బయటికి ఉరుకుతుంటే నాలుక చెక్కైపోక ఏమవుతుంది! అప్పుడు దుకాణందారు ఫోన్లో "హ్యూమిడిటీ పెంచండి" అంటాడు. చిల్లు కుండలో నీళ్లు పోయమన్నట్టే. ముందు చూడాల్సింది ముక్కు. జలుబో, అలర్జీయో, ముక్కు దూలం వంకరో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. తరవాత మాస్క్ సైజు. ముక్కు మాస్క్‌తో నోరు మూసుకోనివాళ్లకు ముక్కూ నోరూ కలిపి కప్పే మాస్క్ ఉంది, గదమకు కట్టే పట్టీ ఉంది. లీకు ఆగినా పొడిబారితేనే హ్యూమిడిటీ ఒక్కో మెట్టు పెంచాలి. పైపులో నీళ్లు గడగడమంటే ఎక్కువైందని అర్థం. పెదవులకు టేపు వేసుకోమనే వీడియోలు తిరుగుతున్నాయి. ముక్కు బిగుసుకున్నవాళ్లు ఆ పని చెయ్యనే కూడదు.

అన్ని తప్పులూ మిషన్‌వి కావు, ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. అలర్జీ గోలీలు, కొన్ని డిప్రెషన్ మందులు నోరు ఎండబెడతాయి. షుగర్ కంట్రోల్‌లో లేకున్నా అంతే. నోట్లో తడి లేకుంటే పళ్లు కూడా పుచ్చిపోతాయి. డాక్టర్ ఇవన్నీ అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

ఇక ప్రెషర్. ఆటో మిషన్ కంపెనీ నుంచి సాధారణంగా 4 నుంచి 20 దాకా తలుపులన్నీ తెరుచుకునే వస్తుంది. దాన్ని అట్లాగే మరీజ్ చేతిలో పెట్టి పోతారు. కింది అంకె 4 దగ్గరే ఉంటే కొందరికి మాస్క్ పెట్టగానే ఊపిరాడనట్టుంటుంది. పైకెక్కితే మాస్క్ అంచుల్లోంచి, నోట్లోంచి గాలి తన్నుకొస్తుంది. స్లీప్ స్టడీ రిపోర్టు, మిషన్‌లోని చిప్ చూసి ఎవరి అంకెలు వారికి కుదించాలి. నిద్రపట్టేదాకా తక్కువ గాలి ఇచ్చే ర్యాంప్, ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే సెట్టింగ్ ఉన్నాయని కూడా చాలా ఇళ్లలో తెలీదు. మార్చేది ఒకసారి ఒక్కటే మార్చి నాలుగైదు రాత్రులు చూడాలి. అన్నీ కలిపి తిప్పితే దేనివల్ల ఫాయిదా అయిందో ఎవరికీ అంతుపట్టదు.

మా జిల్లాలో ఇంకో కథ, కువైట్ కథ. అక్కడి తమ్ముడు ప్రేమతో లగేజీలో మిషన్ పంపుతాడు. ప్లగ్గు కాళ్లు పలకగా ఉంటే కన్వర్టర్ కొంటాం. ప్రెషర్‌కు కన్వర్టర్ ఏ దుకాణంలోనూ దొరకదు! తమ్ముడి మొహబ్బత్‌కు సలాం, కానీ రిపోర్టు లేకుండా ఆ మిషన్ ముఖానికి తగిలించుకోకండి. ట్యాంకులో మన బోరు నీళ్లు పొయ్యకండి. రెండు వారాల్లో తెల్ల చెక్కు కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, రోజూ కడగండి. మా వైపు కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ మీద నడపాల్సివస్తే నీళ్లు వేడిచేసే హీటర్ ఆపండి, ఎక్కువ కరెంటు తాగేది అదే.

రమ్జాన్‌లో మిషన్ పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. రాత్రి హలక్ ఎండితే పగలు రోజా భారమవుతుందని ఫికర్. అసలే తరావీహ్‌కూ సెహ్రీకీ మధ్య నిద్ర ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో కూడా ఊపిరి ఆగుతుంటే రోజా ఇంకా భారం కాదా? ఇఫ్తార్ నుంచి సెహ్రీ దాకా నీళ్లు తాగుతూ ఉండండి. లీకు సంగతి షాబాన్‌లోనే తేల్చుకోండి. పగటి కునుకులో తడి గాలి పీలిస్తే రోజా ఏమవుతుందన్నది ఆలిమ్ సాబ్‌ను అడగండి. మిషన్ మానొచ్చా అన్నది డాక్టర్‌ను అడగండి. రెండు సవాళ్లూ ఒకరినే అడగొద్దు.

మిషన్ కొనేటప్పుడు బిల్లు మీద రాయించుకోవాల్సినవి మూడున్నాయి. మొదటి నెలలో చిప్ చదివి సెట్టింగ్ సరిచేసే జిమ్మేదారీ వాళ్లదే అని. మాస్క్ సరిపోకపోతే మార్చిస్తామని. చిప్‌లోని రికార్డు కాపీ అడగ్గానే ఇస్తామని. అది మన ఊపిరి లెక్క, దాని మీద మన హఖ్ ఉంది. ఒప్పుకోని దుకాణంలో అడ్వాన్సు ఇవ్వకండి. కొనేసి బీరువా మీద పెట్టినవాళ్లు దించి, దుమ్ము తుడిచి, చిప్ తీసుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి పోండి. ముమానీని కూడా తోడు తీసుకెళ్లండి, రాత్రి ఏం జరుగుతుందో చూసిన గవాహ్ ఆమె ఒక్కతే.