నల్లరంగు మరమ్మతు కాదు

పద్యమూ వ్యాకరణమూ తప్ప మరొకటి కనిపించని ఈ పుటలో ఇవాళ కమాన్ పట్టీల ప్రస్తావన చూసి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. తెలుగు పండితుడికి ఇనుముతో ఏం పని అని మొన్న ఒక పూర్వ సహోద్యోగి మా వాకిట్లో నిలబడి అడిగారు. అప్పుడు నేను అంబాసిడరు కింద వెల్లకిలా పడుకొని ఉన్నందున జవాబు చెప్పే వీలు లేకపోయింది. ఇప్పుడు చెబుతాను.

మా కారు 1994 నాటిది. కడచిన వానాకాలం తరువాత వెనుకవైపు కిరకిరలు మొదలైతే ఒక పనిశాలకు తీసుకొనిపోయాను. అక్కడి కుర్రవాడు అడుగుభాగాన్ని నీళ్లతో కడిగి, తడి ఆరకముందే నల్లరంగు చిమ్మి, "సూడుండ్రి సార్, కొత్తదాని లెక్క అయింది" అన్నాడు. నేనూ చూశాను, సంతోషించాను, పైకం ఇచ్చాను. రెండు నెలలకు హైదరాబాదు నుంచి సిద్దిపేటకు వస్తుండగా, రాజీవ్ రహదారి మీద కుకునూరుపల్లి దాటాక, వెనుక ఎడమవైపు మెయిన్ పట్టీ ఫెళ్లున విరిగింది. బండిలో నా భార్య, ఇద్దరు మనుమలు ఉన్నారు. వేగం తక్కువ కాబట్టి బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది.

విరిగిన ముక్కను ఇంటికి తెచ్చి వెలుతురులో చూశాను. పైన నిగనిగలాడే నలుపు. దాని కింద పొరలుపొరలుగా చిలుము. విరుపు ముఖంలో సగం గోధుమవన్నె, అంటే ఏనాటిదో పాత పగులు. తక్కిన సగం అప్పుడే తెగిన తెల్లని లోహం. చిలుము తిన్న గుంటలో పుట్టిన పగులు ప్రతి కుదుపుకూ కొంచెం కొంచెం పాకుతూ వచ్చిందన్నమాట. రంగు దాన్ని బాగుచేయలేదు. మా కంటికి మరుగుచేసింది.

నా వాదం ఇంతే. దోషాన్ని కప్పేదానికి మరమ్మతు అనే పేరు చెల్లదు. మరమ్మతు దోషాన్ని బయటపెట్టడంతోనే మొదలవుతుంది.

ఇనుమూ నీరూ గాలిలోని ఆమ్లజనీ కలిస్తే చిలుము పుడుతుంది. అది తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది; అందుకే ఉబ్బి, పెళ్లలుగా లేస్తుంది. దానికి సన్నని రంధ్రాలుంటాయి, తేమను పట్టి ఉంచుతుంది. అటువంటిదాని మీద రంగు వేయడమంటే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసుకోవడమే. లోహానికి మేలు చేసే పొర వేరే ఉంది. ఢిల్లీ ఇనుపస్తంభం సుమారు 1600 ఏళ్లు నిలిచిందంటే, దాని ఇనుములో భాస్వరం అధికంగా ఉండి, ఉపరితలాన రక్షకమైన పొర ఏర్పడినందువల్లనేనని లోహశాస్త్రజ్ఞులు తేల్చారు. అంత దూరం ఎందుకు? మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ నేల మీద ఉంటూ చిలుముకు నలుపు పూసి తృప్తిపడుతున్నాం.

పండితులకు ఈ విషయం కొత్త కాదు. తాళపత్రంలో పురుగు తిన్న చోట సొంతమాట అతికి పద్యాన్ని నడిపించేవాణ్ణి పరిష్కర్త అనం. లోపాన్ని లోపంగా చూపి, ప్రతులు సరిపోల్చి, తేలినంతవరకే సవరించేవాడే పరిష్కర్త. పట్టీకైనా పద్యానికైనా ఇదే ధర్మం.

ఆ ధర్మాన్నే మా వాకిట్లో పాటించాను. తెలిసిన మేస్త్రీ ఒకాయన బండిని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, రెండు కమాన్ కట్టలూ దింపి ఇచ్చాడు. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరకూడదని ఆయన మొదటి పాఠం. పట్టీలు విడదీసి, కిరోసిన్‌తో జిడ్డు కడిగి, వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో తెల్లని లోహం కనబడేదాకా గీకాను. ప్రతి పట్టీనీ పగుళ్ల కోసం పరీక్షించాను. విరిగినదానికి వెల్డింగు పెట్టించక, సికింద్రాబాదు రాణీగంజులో కొత్తది కొన్నాను. పైకి కనిపించే భాగాలకు ప్రైమరు, ఆపైన పల్చగా రెండు పూతల రంగు. పట్టీ మీద పట్టీ రాసుకునే ముఖాలకు గ్రాఫైట్ గ్రీజు. యూ బోల్టులు, రబ్బరు బుష్షులు కొత్తవి. బండి బరువు చక్రాల మీద నిలిచాకే బుష్షుల బోల్టులు బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొంత దూరం నడిచాక యూ బోల్టులు మళ్లీ బిగించుకున్నాం.

చేయనివి కూడా చెప్పాలి. ముందువైపు టార్షన్ బార్లను నేను ముట్టలేదు. వాటిలో దాగిన బలం మనిషిని కొట్టగలదు. పట్టీని మంటలో కాల్చలేదు. కాలిస్తే ఉక్కు పదును పోతుంది. స్నానాలగది కడిగే ఆసిడ్‌తో చిలుము వదిలించమన్న సలహానూ తోసిపుచ్చాను. గట్టి ఉక్కులోకి ఉదజని చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది.

"ఇంత తంటా ఎందుకు, కాటాకు వేసెయ్యండి" అనేవారికి ఒక మాట. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషను పొడిగింపుకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉంటే మాత్రం 2021 నాటి నిబంధనలు దానికి పురాతన వాహనమని గౌరవమిస్తున్నాయి. పదిహేనుకు ముసలిది, యాభైకి పూజ్యమైనది. నడుమ ముప్పై అయిదేళ్లు దాన్ని బతికించే చేతుల మాట ఎవరూ ఎత్తరు. ప్రమాదకరమైన బండి రోడ్డెక్కకూడదని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని తేల్చవలసినది లోహం స్థితి. వయస్సూ కాదు, మెరుపూ కాదు.

ఆ కుర్రవాణ్ణి నేను నిందించను. చిలుము గీకే కూలికి బేరమాడి, మెరుపుకు మారుమాట లేకుండా పైకం ఇచ్చేది మనమే. వాడికి నల్లరంగు నేర్పింది నాబోటి పెద్దలే. ఈసారి వానలకు ముందు మీ బండి అడుగుభాగాన్ని మీరే వంగి చూడండి. రంగు వేయించేముందు, "గీకినంక నాకు చూపియ్యి బిడ్డా, చూసినంకనే రంగెయ్యి" అని చెప్పండి, ఆ కూలి మారుమాట లేకుండా ఇవ్వండి. నాతో విభేదించేవారు నిస్సంకోచంగా రాయగలరు. చేతుల గ్రీజు కడుక్కొని జవాబిస్తాను.