మలబద్ధకం: మందు కన్న దినచర్య మిన్న

జ్వరం వస్తే పదిమందికీ చెప్పుకొంటాం. మలబద్ధకం వస్తే మాత్రం నోరు విప్పం. ఆ మౌనం వల్లనే విద్యార్థి వైద్యుని వద్దకు పోక, మందుల దుకాణంలో విరేచనపు మాత్రలు కొని మింగుతున్నాడు.

మలబద్ధకంతో పాటు కడుపునొప్పి, ఉబ్బరం నెలల తరబడి వేధిస్తూ, పరీక్షలలో మరే వ్యాధీ కనిపించని స్థితిని వైద్యులు ‘ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్’ అంటారు. ఇందులో పేగుకు పుండు లేదు. మెదడుకు, పేగుకు నడుమ ఉండవలసిన పొందిక తప్పుతుంది. కనుక చికిత్స దినచర్యతోనే ఆరంభం కావాలని నా అభిప్రాయం.

పీచు తినుమని అందరూ చెబుతారు. కాని పీచులన్నీ ఒకటి కావు. గోధుమ తవుడు వంటి ముతక పీచు కొందరిలో నొప్పిని, ఉబ్బరాన్ని పెంచుతుంది. నీటిలో నాని జిగురుగా మారే ఇసబ్‌గోల్ మేలు. పారసీకం నుండి వచ్చిన ఈ పేరుకు ‘గుర్రపు చెవి’ అని అర్థం చెబుతారు. గింజ ఆకారం అటువంటిది. కొద్దిగా మొదలుపెట్టి, నిండు గ్లాసు నీటితో పుచ్చుకొంటూ, మోతాదును మెల్లగా పెంచుకోవాలి.

వేళకు భోజనం, నిత్యం నడక, చాలినంత నిద్ర అవసరం. మనసు కుదుటపడటమూ చికిత్సలో భాగమే. 1984లో మాంచెస్టరు వైద్యుడు పీటర్ వోర్వెల్, ఆయన సహచరులు సమ్మోహన చికిత్సతో ఈ రోగులకు ఉపశమనం కలిగిన వైనాన్ని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు.

అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలేపే నొప్పి కనిపిస్తే ఇంటి ఉపాయాలు కట్టిపెట్టి వెంటనే వైద్యుని చూడాలి.

ఇక అసలు సంగతి. ఉదయపు ఫలహారం తరువాత పెద్దపేగు సహజంగా కదులుతుంది. ఆ వేళ పది నిమిషాల తీరిక కావాలి. సహజ వేగాలను అణచరాదని చరక సంహితలో ఒక అధ్యాయమే ఉంది. కాని వసతిగృహంలో మరుగుదొడ్డి ముందు బారులు తీరి ఉండగా, మొదటి గంట మోగుతుండగా, ఆ పది నిమిషాలు ఎక్కడివి? గడియ లేని తలుపును, నీరు లేని తొట్టిని చూసి సాయంత్రం దాకా ఓర్చుకొనే విద్యార్థినికి ఆరోగ్యసూత్రాలు బోధించి ప్రయోజనమేమి?

దినచర్యను దిద్దుకోవడం విద్యార్థి వంతు. శుభ్రమైన మరుగుదొడ్డి, నీరు, కొద్దిపాటి తీరిక కల్పించడం విద్యాసంస్థల వంతు. ఈ రెండవది అడగడానికి మనం సిగ్గుపడనక్కరలేదు.