అంకెయు యోగ్యతయు

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులకు టెలివిజను వలని లాభనష్టములను గూర్చి వ్యాసము వ్రాయుమని చెప్పియుంటిమి. అప్పుడొక బాలుడు లేచి, "అయ్యా, ఆ సీరియలు మంచిది కాదని తమరు సెలవిచ్చుచున్నారు. మంచిది కానిచో దానికే అన్నిటికంటె ఎక్కువ రేటింగు ఏల వచ్చినదండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను గాని మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆనాడు సరియైన యుత్తరము చెప్పజాలక పోతిమి. ఇప్పుడు మన పాఠశాలా పత్రికలో చెప్పుటకు యత్నించుచున్నాము.

మొదట ఆ అంకె యెట్లు పుట్టునో తెలిసికొందము. మన దేశమున 2015వ సంవత్సరము ఏప్రిలు నెల నుండి ఈ లెక్కలను బార్క్ అను సంస్థ ప్రకటించుచున్నది. 2010లో నేర్పడిన యీ సంస్థలో ఛానళ్లవారికి నూటికి 60 వంతులును, ప్రకటనలిచ్చు వ్యాపారులకు 20 వంతులును, ప్రకటనల ఏజెన్సీలవారికి 20 వంతులును భాగము కలదు. అనగా అమ్మువారును, కొనువారును, నడుమ బేరము కుదుర్చువారును కలిసి యొక తక్కెడను నిలుపుకొనిరన్న మాట.

ఏరుకొన్న కొన్ని యిండ్లలో టెలివిజను చెంత నొక చిన్న యంత్రము నుంచెదరు. ప్రతి ఛానలును తన ధ్వనిలో మన చెవికి వినబడని గుర్తు నొకదానిని కలిపి పంపును. యంత్రము దానిని గ్రహించి, యే నిమిషమున నే ఛానలు నడచుచున్నదో నమోదు చేయును. ఇంటిలో నొక్కొక్కరికి నొక్కొక్క మీట యుండును. చూడ గూర్చున్నపుడు దానిని నొక్కవలెను, లేచిపోవునపుడు మరల నొక్కవలెను. రెండేండ్ల బిడ్డ మొదలు ముదుసలి వరకు అందరును లెక్కలోని వారే. తల్లి యొడిలో నున్న పసివాడును ఒక ప్రేక్షకుడే యగును.

2020 నాటి యంచనా ప్రకారము దేశమున టెలివిజను గల యిండ్లు సుమారు 21 కోట్లు. యంత్రములు గల యిండ్లు తరువాత 55,000 దాటినవి. అనగా సుమారు నాలుగువేల యిండ్ల పక్షమున ఒక యిల్లు మాటాడుచున్నది. ఇది యన్యాయమని కొందర నుకొందురు. మేమట్లనము. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. కాని కుండలో నన్నము అంతటను సమముగా ఉడికియుండవలెను. ఆ మెతుకును ఎవరును ముందుగా నలిపి పెట్టియుండరాదు. 2020 అక్టోబరులో బొంబాయి పోలీసులు, యంత్రములున్న కొన్ని యిండ్ల వారికి సొమ్మిచ్చి కొన్ని ఛానళ్లను పెట్టియుంచునట్లు చేసిరని యభియోగము తెచ్చిరి. ఆ కేసును ప్రభుత్వము 2024లో ఉపసంహరించుకొన్నది. అయినను ఆ గొడవ వలన వార్తా ఛానళ్ల రేటింగులు 2020 అక్టోబరు మొదలు 2022 మార్చి వరకు నిలిచిపోయినవి. తక్కెడ మీద సందేహము కలిగినచో అంగడి యంతయు ఆగునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఈ అంకెతో ఛానలువారు చేయు పని యేమి? ప్రకటనలకు పది సెకండ్లకింత యని వెల కట్టుదురు. చూచువారు హెచ్చినకొలది వెల హెచ్చును. మనము కార్యక్రమమును కొనుచున్నామనియు ఛానలు దానిని అమ్ముచున్నదనియు తలంచుచున్నాము. నిజమునకు అచ్చట అమ్ముడు పోవుచున్నది మన సాయంకాలములు. కొనుచున్నవారు సబ్బులవారును, నగలవారును.

క్రొత్త కథను కొనునపుడును ఛానలువారు మొదట నడుగునది ఈ వెలనే. ఎవరును చూడని కథను కొనుట కంటె, ఒక భాషలో నెగ్గిన కథను మరియొక భాషలోనికి తెచ్చుట క్షేమము. మన యిండ్లలో నందరెరిగిన "కార్తీకదీపము" 2017లో స్టార్ మా ఛానలున మొదలై 2023 జనవరిలో ముగిసెను. అది మలయాళమున ఏషియానెట్ ఛానలువారు 2014లో నారంభించిన "కరుత్తముత్తు" కథకు తెలుగు రూపము. అదే కథ కన్నడమున, తమిళమున, మరాఠీలో, హిందీలో సయితము వేరు వేరు పేర్లతో వచ్చినది. ఒక్క విత్తనమును ఆరు పొలములలో నాటిరి. మొదటి పొలమున పంట పండినది గనుక తక్కిన పొలముల యజమానులు ధైర్యము చేసిరి. ఇందు దోషము లేదు. కాని ఎన్నడును నాటబడని విత్తనముల మాట యేమి? వాని పక్షమున చూపుటకు అంకె యేదియు లేదు.

ఇప్పుడు మా బాలుని ప్రశ్నకు వత్తము. నాయనా, ఎక్కువమంది చూచిరనుట నిజమే. కాని ఆ యంత్రము ఎవరు కూర్చుండిరో చెప్పునే గాని ఏల కూర్చుండిరో చెప్పదు. ఇష్టపడి చూచినవాడును, విసుగుకొనుచు చూచినవాడును, ఇంటిలో ఒక్కటే టెలివిజను ఉండుటచే గత్యంతరము లేక చూచినవాడును అందు సమానులే. సేద్యమును గూర్చిన యొక మాట విని తన పంటను దక్కించుకొన్న రైతును, కూరగాయలు తరుగుచు తెరవంక తల యెత్తి చూచిన గృహిణియు దానికి ఒక్కొక్కరే. అది తూకపు రాయి. పసిడి నాణెమును పరీక్షించు గీటురాయి కాదు.

అయినను ఈ లెక్కను బొత్తిగా నిందించుట మాకు సమ్మతము కాదు. ఒక్క దూరదర్శనమే యున్న దినములలో, ప్రజలేమి చూడవలెనో అధికారులు నిర్ణయించెడివారు. ఇప్పుడు చదువురాని యవ్వ యిష్టమునకును లెక్కలో చోటు దొరకినది. ఇది మేలే. ఆమె యిష్టమును అడుగుట మంచిది. అడిగినది ఒక్క ప్రశ్నయే యగుట లోపము.

ఇంతవరకు వ్రాసి, మమ్ము మేమే యొక మాట యడుగుకొనవలసి యున్నది. అంకెను చూచి యోగ్యతను నిర్ణయించుట ఛానళ్లవారికే చెల్లినదా? మార్కుల పట్టికను చూచి, ఈ బాలుడు మంచివాడు, ఆ బాలుడు పనికిరానివాడు అని మేము ఎన్నిసారులు తలంపలేదు! తలిదండ్రులు మా యొద్దకు వచ్చి, "మావానికి ఎన్ని వచ్చినవండీ?" అని యడుగుదురు గాని, "ఏమి నేర్చుకొన్నాడండీ?" అని యడుగువారు అరుదు. ఆ ప్రశ్నను వారికి నేర్పినవారము మేమే. కాబట్టి ఆ బాలుని తప్పు లేదు. మేము చెప్పిన పాఠమునే వాడు మాకు అప్పగించెను.

చదువరులారా, ఛానళ్లవారి తక్కెడను మనము మార్చజాలము. మన యింటి తక్కెడను మాత్రము మార్చవచ్చును. వచ్చెడి సెలవులలో ఒక వారము దినములు ఒక చిన్న పుస్తకమును టెలివిజను ప్రక్కన నుంచుడు. రాత్రి కట్టివేసిన పిమ్మట ఏమి చూచితిరో, ఏల చూచితిరో ఒక్కొక్కరు ఒక్క వాక్యము వ్రాయుడు. మరునాడుదయమున దానిలో నేమి జ్ఞాపకమున్నదో మరియొక వాక్యము వ్రాయుడు. అమ్మయు నాయనయు కూడ వ్రాయవలెను. బడి తెరచిన దినమున ఆ పుస్తకములను తెండు. వానికి మేము మార్కులు వేయము, చదివెదము.