జాబితాలోంచి జారిపోయినవాళ్లు

ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌లో తాగుడు చేసే నష్టం కొలవాలంటే ముందు సర్వేకి దొరకని మనిషిని వెతకాలి. ఏళ్ల తరబడి ఒకే జనాన్ని గమనించే అధ్యయనాలకు చాలా దేశాల్లో ఇదే చిక్కు: బాగా తాగేవాళ్లు మధ్యలోనే తప్పిపోతారు, జబ్బుపడో, ఊరు మారో, చనిపోయో. మిగిలినవాళ్లతో లెక్క కడితే మందు అంత చెడ్డదేమీ కాదనిపిస్తుంది. జబ్బు చేశాక మానేసినవాళ్లను తాగనివాళ్లలో కలిపితే ఆ భ్రమ ఇంకా బలపడుతుంది. కిరండూల్ 1968 నుంచి బైలడిల్లా ఇనుప ఖనిజం మీద బతుకుతున్న ఊరు. పని అయిపోతే కాంట్రాక్టు కూలీ ఇంకోచోటికి పోతాడు, రిటైరైన తెలుగువాడు విశాఖ రైలెక్కుతాడు. ఇప్పసారా, జీలుగు కల్లు తాగేవాళ్లను ‘వారానికెన్ని పెగ్గులు’ అనడిగితే ఏం చెబుతారు? అయినా వెతికితే మనుషులు దొరుకుతారు. 1987లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో మొదలైన పోషకాహార ప్రయోగంలోని పిల్లల్ని పరిశోధకులు 2003-05లో మళ్లీ వెతికి పట్టుకున్నారు. కిరండూల్‌లో అధ్యయనం తలపెట్టేవాళ్లు రక్తపరీక్షల కంటే ముందు ఇల్లిల్లూ తిరిగే మనిషి జీతానికి డబ్బు కేటాయించాలి. ‘అందుబాటులో లేరు’ అని రాసేముందు ఆ ఇంటావిడను అడగాలి. చనిపోయారని చెబితే ఎప్పుడు, దేనివల్ల అని రాసుకోవాలి.